చేరువ కొండ

“దూరపు కొండలు నునుపు” అని తెలుగువారి సామెత. దూరమున నున్న కొండను చూచినపుడు దాని రాళ్ళు, ముళ్ళు, లోయలు కంటికి ఆనవు. అది నీలిరంగు పూసినట్లు నున్నగా కనిపించును. దగ్గరకు పోయినవారికే దాని గరుకుదనము తెలియును. దూరముననున్న దానిని గొప్పగాను, చెంతనున్న దానిని తక్కువగాను ఎంచుట మానవ స్వభావము. ఆ స్వభావమునే ఈ సామెత ఎత్తి చూపుచున్నది.

వేసవి సెలవులు వచ్చినపుడు ఈ గుణము మరింత వెల్లడియగును. ఉదకమండలము, కొడైకెనాలు, కాశ్మీరము మొదలగు పేర్లు ఇంటింట వినవచ్చును. పోగలిగినవారు పోవుదురు. పోలేనివారు సెలవులు వ్యర్థమైనవని చింతింతురు. ఊరి పొలిమేరలో తరతరములుగా నిలిచియున్న కొండ మాట ఎవరికిని తోచదు. ప్రతిదినము ఆ కొండ నీడను చూచుచు బడికి పోవు బాలురలో దానిపై ఒక్కసారియైనను కాలు మోపనివారు ఎందరో కలరు.

తెలుగునాట కొండలకు కొదవలేదు. గోలకొండ, నల్లగొండ, దేవరకొండ, పెనుగొండ, కొండపల్లి, కొండవీడు, భువనగిరి, ఉదయగిరి అను ఊళ్ళ పేర్లలోనే కొండలున్నవి. తూర్పు కనుమలు ఒడిసాలోని మహానది మొదలు తమిళనాడు వరకు తెగి తెగి సాగుచున్నవి. తెలంగాణమునందు చదునైన నేలపై బోడిగుట్టలు లేచి నిలిచినవి. కావున వేసవిలో ఒక పూట ఇంటివారితో కూడి చేరువ కొండ నెక్కి రాగల అవకాశము అనేకులకు కలదు. అందులకు విశేషధనము అక్కరలేదు. కొంత తెలివి, కొంత ఓర్పు, తోడివారియెడ శ్రద్ధ కావలెను. ఈ మూడింటిలో చివరిదే ముఖ్యమైనది.

కొండపైన చల్లదనమేల?

కొండశిఖరము సూర్యునికి కొంత దగ్గర గదా, అచ్చట వేడి యెక్కువగా నుండవలదా అని బాలురకు సందేహము కలుగును. సూర్యుడు భూమికి సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నాడు. ఆ దూరముతో పోల్చినచో ఒక కిలోమీటరు ఎత్తు లెక్కలోనికి రాదు. అసలు సంగతి వేరు. సూర్యకిరణములు గాలిని దాటి వచ్చి మొదట నేలను వేడిచేయును. వేడెక్కిన నేల తన్ను అంటియున్న గాలిని వేడిచేయును. ఆ గాలి తేలికయై పైకి లేచును. పైకి పోయినకొలది దానిపై ఒత్తిడి తగ్గును. ఒత్తిడి తగ్గినపుడు గాలి వ్యాకోచించును. వ్యాకోచించిన గాలి చల్లబడును. సగటున వేయి మీటర్లు ఎక్కినచో సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గునని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి.

రాయలసీమలోని హార్స్‌లీ కొండలు దీనికి మంచి నిదర్శనము. ఇవి మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్నవి. వీటికి పూర్వనామము ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అను బాలికను ఏనుగులు కాపాడి పెంచినవని అచ్చటివారు కథ చెప్పుకొందురు. పందొమ్మిదవ శతాబ్దమున హార్స్‌లీ అను ఆంగ్లేయుడు కడప జిల్లాకు కలెక్టరుగా నుండెను. ఆయన వేసవి తాపమునకు తాళలేక ఈ కొండపై ఇల్లు కట్టుకొనెను. అది మొదలు ఆయన పేరే కొండకు నిలిచిపోయినది. మల్లమ్మ పేరు మాత్రము చుట్టుప్రక్కల పల్లెలవారి నాలుకలపై మిగిలినది.

ఈ కొండలు సముద్రమట్టమునకు 1,200 మీటర్లకు పైగా ఎత్తున నున్నవి. తిరుపతి పట్టణము 200 మీటర్ల లోపుననే యున్నది. రెండింటికిని నడుమ వేయి మీటర్లకు మించిన భేదము కలదు. కనుక తిరుపతిలో వేడి 42 డిగ్రీలున్న నాడు కొండపైన సుమారు 35 డిగ్రీలుండునని విద్యార్థి తానే లెక్క కట్టుకొనవచ్చును. మదనపల్లెయే సుమారు 700 మీటర్ల ఎత్తున నుండుటచే ఆ ప్రాంతపు గాలి ఆరోగ్యకరమని పెద్దలు తలచిరి. 1915లో అచ్చటికి సమీపమున ఆరోగ్యవరమునందు క్షయరోగులకు చికిత్సాలయము వెలసినది. మందులు అంతగా లేని ఆ దినములలో మంచి గాలియే రోగులకు పెద్ద ఔషధముగా నుండెను.

అయితే ప్రతి కొండయు హార్స్‌లీ కొండయంత ఎత్తుగా నుండదు. ఊరి ప్రక్కనున్న గుట్ట రెండు మూడు వందల మీటర్లకు మించదు. అచ్చట తగ్గు వేడి రెండు డిగ్రీలు మాత్రమే. అట్టి కొండపైకి చల్లదనము కొరకు మిట్టమధ్యాహ్నము పోవుట అవివేకము. చిన్నకొండపై చల్లదనమును ఇచ్చునది ఎత్తు కాదు, వేళ. సూర్యోదయమునకు ముందు బయలుదేరినవారికి మాత్రమే అది దక్కును.

బండ నేర్పు పాఠము

హైదరాబాదునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున, కాజీపేటకు పోవు రైలుమార్గముననే భువనగిరి కలదు. అచ్చటి కొండ రాళ్ళకుప్ప కాదు. అదంతయు ఒకే బండ. గ్రుడ్డును నేలలో సగము పాతినట్లు ఆ బండ 500 అడుగులకు పైగా లేచి నిలిచియున్నది. పశ్చిమ చాళుక్యరాజైన త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు దానిపై కోట కట్టించుటచే దానికి త్రిభువనగిరియని పేరు వచ్చినదనియు, అదియే భువనగిరిగా మారినదనియు చెప్పుదురు.

తెలంగాణమునందలి ఇట్టి నల్లరాతి గుట్టలు చాల ప్రాచీనమైనవి. సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున కరగియున్న శిలాద్రవము నెమ్మదిగా చల్లారి గట్టిపడినది. పైనున్న మన్నును, ఇతర శిలలును వానకు, గాలికి అరిగి కొట్టుకొనిపోగా లోపలి బండ బయటపడినది. తనపై బరువు తగ్గినందున ఆ బండ ఉల్లిపొరల వలె పొరలు పొరలుగా విడుచును. అందుచేతనే ఈ గుట్టల తలలు గుండ్రముగా, నున్నగా నుండును. ఒక పిడికెడు రాయిని చేతబట్టి అది ఎంతటి పురాతన వస్తువో తలచుకొన్న బాలునికి చరిత్రలోని రాజులందరును నిన్నటివారుగా తోతురు.

ఈ బండ దూరదేశపు శిఖరమునకు మొదటి మెట్టైన వృత్తాంతము తెలుగు బాలబాలికలు తెలిసికొనదగినది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున వ్యవసాయము చేసుకొను పేదకుటుంబమున పుట్టిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుచుండెను. ఆ పాఠశాలల నుండి ఎన్నికయైన విద్యార్థులకు భువనగిరి బండపై శిలారోహణమున శిక్షణ నిచ్చిరి. పూర్ణ మొదట తాడు పట్టినది ఆ బండమీదనే. పిమ్మట డార్జిలింగునందును, లడాఖునందును మంచుకొండలపై అభ్యాసము జరిగినది. 2014 మే 25వ తేదీన ఆమె 8,848 మీటర్ల ఎవరెస్టు శిఖరము నెక్కెను. అప్పటికి ఆమె వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. అంతటి చిన్నవయస్సున ఎవరెస్టు నెక్కిన బాలిక అంతకు ముందు లేదు. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనందకుమార్ అను విద్యార్థియు ఆ యాత్రలో ఆమెతోపాటు శిఖరము చేరెను.

భువనగిరి బండ ఎక్కినవారందరును ఎవరెస్టు నెక్కవలెనని కాదు. చేరువ కొండను చిన్నచూపు చూడరాదనుటకే ఈ వృత్తాంతము. అయినను ఒక హెచ్చరిక అవసరము. తాడు కట్టుకొని బండ నెక్కుట గురువు లేనిదే నేర్వదగినది కాదు. కుటుంబముతో పోవువారికి కోటకు చేరు మెట్లదారి చాలును. వేసవిలో ఆ దారికి ఎండ పొడసూపక మునుపే పోవలెను. ప్రొద్దెక్కిన పిదప బోడిబండ పెనము వలె కాగును.

కొండవీటి బాటలో

గుంటూరునకు పడమరగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున కొండవీటి కొండలు గలవు. 1325 ప్రాంతమున ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యమును స్థాపించెను. ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చెను. పెదకోమటి వేమారెడ్డి కాలమున శ్రీనాథ మహాకవి ఆ ఆస్థానమున విద్యాధికారిగా నుండెను. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గమును జయించెను. సుమారు వేయి అడుగుల ఎత్తున కోటగోడలు, బురుజులు, మండపములు, ధాన్యపు కొట్లు శిథిలములై నేటికిని కానవచ్చును. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అను మూడు చెరువులు కొండమీదనే కలవు. వానకాలమున శిఖరములపై పడిన నీటిని వృథా పోనీయక నిలువచేసినందుననే అంతటి ఎత్తున సేనలు, ప్రజలు నివసింపగలిగిరి. ఇటీవలి సంవత్సరములలో కొండపైకి ఘాట్‌రోడ్డు వేయబడినది. ఇప్పుడు బండిలో కూర్చుండి కొద్ది సమయములో పైకి చేరవచ్చును. నడచి పోవువారును కలరు.

గుంటూరు మిరప యార్డులో గుమాస్తాగా పనిచేయు ఒకాయన మే మాసమున యార్డునకు సెలవులిచ్చినపుడు తన కుటుంబముతో ఈ కొండకు బయలుదేరెను. ఆయన తల్లి, భార్య, ఎనిమిదవ తరగతి చదువు కూతురు, పదకొండేండ్ల కొడుకు వెంట నుండిరి. తల్లికి అరువది యారేండ్లు. ఆమె బాల్యము ఆ కొండచెంత పల్లెలోనే గడచినది. “బండిలో పోయినచో నాకు కొండ కనపడదురా నాయనా, నడచియే పోదము” అని ఆమె కోరుటచే కాలిబాట పట్టిరి.

బాట మొదట చదునుగానే యుండెను. బాలుడు సంతోషము పట్టలేక ముందుకు పరుగెత్తెను. మలుపు మలుపున నిలిచి, వెనుకబడినవారిని చూచి నవ్వసాగెను. రెండుమార్లు కంటికి కానరాకుండ పోయెను. మూడవమారు తండ్రి అతనిని పిలిచి, “ఇకమీదట ముందు నాయనమ్మ నడుచును. ఆమె వెనుక మనమందరము నడువవలెను. ఆమెను దాటి ఎవరును పోరాదు” అని కట్టడి చేసెను. బాలుడు మొగము ముడుచుకొనెను. కాని తండ్రిమాట జవదాటలేదు.

అది మొదలు ఆ ప్రయాణము రూపు మారినది. వృద్ధురాలు పది అడుగులు నడచి నిలుచును. నిలిచిన చోట నల్దిక్కులు చూచును. బంగారు కుచ్చుల వలె వ్రేలాడు రేలపూలను చూపి, వాటి పేరు పిల్లలకు చెప్పినది. తునికి చెట్టు క్రింద రాలిన పసుపుపచ్చని పండును ఏరి, తొక్క తీసి, గుజ్జు రుచి చూపినది. ఒకచోట ఆకులన్నియు రాలి మోడులై నిలిచిన పొదలు కనిపించినవి. “ఈ ఎండుకొమ్మలేమిటో చెప్పగలరా?” అని ఆమె అడిగినది. ఎవరును చెప్పలేకపోయిరి. “ఇవి సీతాఫలము చెట్లు. వానలు పడినపిదప చిగిర్చి, దసరా నాటికి కాయలతో నిండును. మా చిన్నతనమున గంపలతో మోసికొని దిగెడివారము” అని ఆమె చెప్పగా పిల్లలు ఆశ్చర్యపడిరి. ఏటేట బజారులో కొని తిను పండ్ల చెట్టును వారు అంతవరకు ఎరుగరు. పరుగెత్తుచున్నంతసేపు ఆ పొదలు బాలుని కంటబడనే లేదు.

ఎనిమిదిన్నర గంటలకు ఎండ తీవ్రమైనది. కోటకు ఇంకను కొంత దూరము కలదు. వృద్ధురాలు ఒక రాతిపై కూర్చుండి, “నాకు అలసటగా నున్నది. నేనిచ్చట నీడను కూర్చుందును. మీరు పోయి చెరువులు చూచి రండి” అని చెప్పినది. కోడలు ఆమె చేయి పట్టుకొని చూచినది. చేయి వణకుచుండెను. “అత్తయ్యా, తల తిరుగుచున్నదా?” అని అడుగగా ఆమె వెంటనే బదులు చెప్పలేదు. కొంత తడవునకు, “కొంచెము” అని మాత్రము పలికినది.

తండ్రి ఆలస్యము చేయలేదు. ఆమెను చెట్టునీడకు చేర్చి, ముఖమును తడిగుడ్డతో తుడిచి, ఉప్పు కలిపిన మజ్జిగ కొద్దికొద్దిగా త్రాగించిరి. ఆమె తేరుకొనినది. తేరుకొనిన వెంటనే తిరిగి, “ఇక మీరు పోయి రండి” అనినది. తండ్రి మాత్రము, “అందరమును దిగిపోవుదము” అని లేచెను. బాలుని కన్నుల నీరు నిండినది. “ఇంతదూరము వచ్చి, చూడకయే పోవుటయా నాన్నా?” అని అడిగెను. తండ్రి అతని భుజముపై చేయి వేసి, “ఈ కోట ఆరువందల యేండ్లకు పైగా ఇచ్చటనే యున్నది. మనము మరల వచ్చువరకును ఇచ్చటనే యుండును. నాయనమ్మకు ఏమైనను అయినచో మరల తేగలమా?” అని మెల్లగా చెప్పెను.

బాలుడు మారు మాటాడలేదు. నాయనమ్మ చేతిసంచిని తాను తీసికొని, ఆమె ముందు నిలిచి, జారుడురాళ్ళను చూపుచు ఒక్కొక్క అడుగుగా దింపెను. కొండ దిగువనున్న చింతచెట్టు నీడను వారు దద్ధోజనము, మామిడికాయ ముక్కలు ఆరగించిరి. ఆ సంవత్సరము మార్గశిర మాసమున ఒక చల్లని ఉదయమున ఆ యైదుగురును మరల బయలుదేరి కొండపై చెరువుల వరకు నడచిరి. ఆ దినమునను నాయనమ్మయే ముందు నడచినది.

శిఖరము చేరినవాడే కొండ యెక్కినవాడని అనేకులు తలచెదరు. కుటుంబముతో పోవువారికి ఆ లెక్క చెల్లదు. అందరిలో నెమ్మదిగా నడచువాని నడకయే బృందమునకు నడక. అతడు అలసినచోటే బృందమునకు శిఖరము. వెనుకకు మరలుటలో అవమానము లేదు. మరలవలసిన వేళను గుర్తించుట కొండ యెక్కుటకంటె కష్టమైన విద్య.

ప్రయాణ సన్నాహము

వేసవిలో కొండకు పోవువారు సూర్యుడు ఉదయించుసరికి నడక మొదలుపెట్టి, పది గంటల లోపున క్రిందికి దిగి రావలెను. పోవు చోటును, తిరిగి వచ్చు వేళను ఇంటివారికో, ఇరుగుపొరుగువారికో తెలిపి పోవలెను. కొన్ని కొండలు అభయారణ్యములలో నున్నవి. అట్టి చోట్లకు అటవీశాఖవారి అనుమతి పొందియే పోవలెను. వదులుగా నుండు లేతరంగు నూలుబట్టలు, తలకు గుడ్డ లేక టోపీ, కాళ్ళకు జారని బూట్లు తప్పనిసరి.

ఒక్కొక్కరికి రెండు లీటర్లకు తగ్గకుండ నీరుండవలెను. దాహము వేయువరకు ఆగక, కొద్దికొద్దిగా త్రాగుచుండవలెను. తెచ్చిన నీటిలో సగము ఖర్చుకాగానే తిరుగుముఖము పట్టుట మంచి నియమము. మజ్జిగ, నిమ్మరసము, పులిహోర, దద్ధోజనము, అటుకులు, వేరుసెనగపప్పు బెల్లము, దోసకాయ ముక్కలు కొండప్రయాణమునకు తగిన ఆహారము. బరువును అందరును పంచుకొని మోయవలెను. పిల్లలకును వారి శక్తికి తగిన మూట నియ్యవలెను. మోసిన వానికే ఆ అన్నము రుచి తెలియును.

చెమట ఆవిరియై పోవునపుడు శరీరపు వేడిని తనతో తీసికొనిపోవును. అదియే దేహమును చల్లబరచు ప్రకృతి ఏర్పాటు. ఒంటిలో నీరును, ఉప్పును తగ్గినపుడు ఈ ఏర్పాటు చెడును. మొదట కండరములు పట్టుకొనును. తలనొప్పి, వాంతి, కళ్ళు తిరుగుట కలుగును. అప్పుడే నీడకు చేరి, విశ్రమించి, ఉప్పు పంచదార కలిపిన నీరు త్రాగినచో అపాయము తప్పును. అలక్ష్యము చేసినచో వడదెబ్బ తగులును. వడదెబ్బ తగిలిన వానికి ఒడలు నిప్పువలె కాలును, మాట తడబడును, స్పృహ తప్పును. అట్టివానిని నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటిపై నీరు చల్లి విసరుచు, 108 వాహనమును పిలిపించి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

రాళ్ళ సందులలో చేయి పెట్టరాదు. వేసవిలో పాములు, తేళ్ళు చల్లని సందులను ఆశ్రయించి యుండును. పాము కరచినచో గాయమును కోయుట, నోటితో పీల్చుట, బిగించి కట్టుట చేయరాదు. కరచిన అవయవమును కదలనీయక, ధైర్యము చెప్పి, త్వరగా ఆసుపత్రికి చేర్చవలెను. కోటగోడల చూరులను, బండల క్రిందను తేనెపట్టులుండును. వాటిపై రాళ్ళు విసరుట ప్రాణాపాయము. వేసవి సాయంకాలములందు ఒక్కసారిగా మబ్బుపట్టి పిడుగులు పడుట కలదు. ఉరుము వినబడిన వెంటనే శిఖరమును విడిచి దిగవలెను. ఒంటరి చెట్టు క్రింద నిలువరాదు.

కొండయెడ బాధ్యత

కొండ మనుష్యులకొక్కరికే చెందినది కాదు. నెమళ్ళు, కుందేళ్ళు, ఉడుములు, వేలకొలది పురుగులు అచ్చట నివసించును. వేసవిలో రాతిగుంటలలో మిగిలిన కొద్ది నీరే వాటికి ఆధారము. ఆ నీటిలో సబ్బుతో చేతులు కడుగుట, ఎంగిలి విస్తళ్ళు పారవేయుట వాటి నోటికాడి నీటిని చెరచుటయే. ఎండిన గడ్డి నిప్పురవ్వకు వేచియున్నట్లుండును. ఆర్పని చుట్టముక్క, బీడీముక్క ఒక్కటి చాలును, కొండ యంతయు కాలిపోవుటకు. కనుక కొండపైన పొయ్యి పెట్టరాదు. వండిన ఆహారమునే తీసికొనిపోవలెను. కోతులకు తినుబండారములు పెట్టరాదు. వాటికి అలవాటు చేసినచో అవి పిదప వచ్చువారి చేతులలోని మూటలను లాగుకొనును.

ప్లాస్టిక్ సీసాలను, సంచులను కొండపై విడిచినచో అవి ఎన్నో యేండ్ల వరకు నశింపవు. తీసికొనిపోయిన ప్రతి వస్తువును తిరిగి తెచ్చుకొనవలెను. పాతకోటల గోడలపై పేర్లు చెక్కుట కొందరికి దురలవాటు. ఆ గోడలను కట్టిన వేలాది కూలీలలో ఒక్కరి పేరును అచ్చట లేదు. ఒక పూట చూచిపోవువాడు తన పేరు చెక్కుకొనుట ఎంతటి అవివేకము! రక్షిత కట్టడములను చెరచుట చట్టరీత్యా దండనకు పాత్రమైన నేరము కూడ.

చేరువ కొండ యెక్కినవారిచేతనే కాపాడబడును. రాయి కొరకు తొలిచివేయబడి, పేరు మాత్రము మిగిలిన గుట్టలు నేడు అనేక గ్రామముల చెంత కనిపించుచున్నవి. ఇంటి నిర్మాణమునకు, బాటలకు రాయి కావలసినదే. అయినను ఏ గుట్టపై చెరువులున్నవో, ఏ గుట్టపై గుడియున్నదో, ఏ గుట్ట వాననీటిని ఊరిబావులకు పంపుచున్నదో ఎరిగినవారు ఊరిలో నుండవలెను. ఎరుగనివారికి గుట్ట వట్టి రాతికుప్పగానే కనబడును. దానిపై నడచి, దాని చెట్ల పేర్లు, కథలు నేర్చినవారికే అది పోయినచో పోవునదేమియో తెలియును.

కృష్ణా గోదావరి డెల్టాలలో నివసించువారికి చెంత కొండ లేకపోవచ్చును. వారికి కాలువగట్టు కలదు, ఏటి ఇసుకతిప్ప కలదు, సముద్రతీరము కలదు. ఎచ్చటికైనను అందరు కలసి, అందరిలో బలహీనుని అడుగుతో అడుగు కలిపి నడచినచో ఆ విహారము సఫలమగును.

విద్యార్థులు ఈ వేసవిలో తమ ఇంటిలోని పెద్దలను సమీపించి, చేరువనున్న కొండ పేరేమి, ఆ పేరెట్లు వచ్చినది, వారు చిన్ననాట దానిపై ఏమేమి చూచిరి అని అడుగవలెను. విన్నదానిని ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. పిమ్మట ఒక తెల్లవారుజామున నీరును, అన్నమును మూటగట్టుకొని, ఆ పెద్దలనే ముందు నడిపించుకొని బయలుదేరవలెను.

ప్రశ్నలు

1. ఎత్తునకు పోయినకొలది గాలి చల్లబడుటకు కారణమేమి?
2. భువనగిరి బండ ఎట్లు ఏర్పడినది? దాని తల గుండ్రముగా నుండుటకు హేతువేమి?
3. కొండవీటి దుర్గమున చెరువుల ప్రయోజనమును వివరింపుడు.
4. “ఇకమీదట ముందు నాయనమ్మ నడుచును” అని తండ్రి కట్టడి చేసినందున పిల్లలకు కలిగిన లాభమేమి?
5. వడదెబ్బ తగిలినవానికి చేయవలసిన ప్రథమచికిత్సను వ్రాయుడు.
6. మీ ఊరికి చేరువనున్న కొండను గాని, ఏటిగట్టును గాని గూర్చి పెద్దల నడిగి తెలిసికొని ఒక వ్యాసము వ్రాయుడు.